1942 నాటి యుద్ధ పటాలు: దూరపు వలస దేశాల గురించి అమెరికన్లకు ఏమి తెలిసింది?

ప్రశ్న:
1942 ఫిబ్రవరి 23న రేడియోలో ప్రసంగించే ముందు, శ్రోతలు ప్రపంచ పటం ఎదురుగా పెట్టుకొని వినాలని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కోరారని, దాంతో దుకాణాల్లో పటాలకు గిరాకీ విపరీతంగా పెరిగిందని చదివాను. సింగపూర్ జపాన్ వశమై అప్పటికి ఎనిమిది రోజులే అయింది. మలయా, జావా, బర్మా వంటి పేర్లు అంతగా ఎరగని సామాన్యులకు ఆ పటాల వల్ల పరాయి పాలనలోని ఆ దేశాలు నిజంగా అర్థమయ్యాయా?

మొదటి సమాధానం:
దూరమంటే ఏమిటో మాత్రం తప్పక అర్థమైంది. ఫిలిప్పీన్స్ 1898 నుంచి అమెరికా ఏలుబడిలో ఉన్నా, జపాన్ దాడితో అక్కడ చిక్కుకున్న సైన్యానికి పెద్దఎత్తున సాయం ఎందుకు పంపలేదన్నది ఆనాటి ప్రజల ఆవేదన. పటంలో హవాయి నుంచి మనీలా వైపు వేలు జరిపితే మార్షల్, కరోలిన్, మరియానా దీవులు దారి పొడవునా కనిపిస్తాయి. గ్వామ్ తప్ప ఇవన్నీ ఒకప్పటి జర్మన్ వలసలు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నానాజాతి సమితి వీటిని జపాన్ పాలనకు అప్పగించింది. ఆ పాత పంపకమే ఇప్పుడు ఓడలకు అడ్డుగోడ అయిందని గంటసేపు మాటల్లో చెప్పినా తెలియనిది, పటం చూస్తే వెంటనే తెలుస్తుంది.

రెండవ సమాధానం:
ఏ పటం అన్నది కూడా ముఖ్యమండీ. మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటంలో ధ్రువాలకు దగ్గరి భూభాగాలు ఉబ్బిపోతాయి కాబట్టి, పడమటి నుంచి తూర్పుకు 5,000 కిలోమీటర్లకు పైగా పరచుకున్న డచ్ ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) వాటి పక్కన చిన్నదిగా కనిపిస్తుంది. ఫార్చ్యూన్ పత్రికకు రిచర్డ్ ఈడ్స్ హారిసన్ గీసిన పటాలు ఈ భ్రమను చాలావరకు తొలగించాయి. ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండాలన్న నియమాన్ని పక్కనపెట్టి, భూమి వంపు కనిపించేలా, ఎంతో ఎత్తు నుంచి చూస్తున్నట్టుగా ఆయన గీశారు.

మూడవ సమాధానం:
పై ఇద్దరూ చెప్పినది నిజమే కానీ, ఆ పటాల్లో మనుషులు లేరన్నది నన్ను బాధించే విషయం. మలయా అంటే రబ్బరు, తగరం. జావా, సుమత్రా అంటే చమురు, రబ్బరు. బర్మా అంటే లాషియో నుంచి చైనాకు ఆయుధాలు వెళ్లే బర్మా రోడ్డు. 1930 జనాభా లెక్కల ప్రకారం డచ్ ఈస్టిండీస్‌లో సుమారు 6 కోట్ల మంది ఉండగా, వారి కోరికలేమిటో ఏ రంగూ చెప్పదు. 1931 నాటికి బర్మాలోని రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులోను, బియ్యం మిల్లుల్లోను పనిచేసిన తెలుగువారికి మన కోరంగి రేవు మీదుగా కోరంగీలు అనే పేరే స్థిరపడింది. 1942 మార్చిలో ఆ నగరం జపాన్ చేతికి చిక్కినప్పుడు పటం మీద కదిలింది సరిహద్దు గీత ఒక్కటే. ఆ గీతకు ఇవతల అడవుల గుండా నడిచివచ్చిన లక్షలాది మందిని, వారిలో దారిలోనే ప్రాణాలు విడిచినవారిని చూపే గుర్తు ఆ పటాల్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు:
మూడవ సమాధానం ఇచ్చినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు. రంగూన్ నుంచి తిరిగివచ్చిన కుటుంబాల దగ్గర ఆనాటి ప్రయాణ మార్గాన్ని చేత్తో గీసి దాచుకున్న కాగితాలేవైనా ఉంటే దయచేసి ఇక్కడ తెలియజేయండి.