జూలైలో అలాస్కా ఓడ ప్రయాణం: అమ్మకు ఏ బట్టలు సర్దాలి?

నమస్కారం. విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలతో జూలైలో సియాటిల్ నుంచి అలాస్కాకు 7 రోజుల ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. దారిలో కెచికాన్, జూనో, స్కాగ్వే అనే తీరపు ఊళ్ళలో ఆగి, ఒక రోజు మంచు కొండలు సముద్రం దాకా దిగే గ్లేసియర్ బేలో గడుపుతాం. అక్కడ వేసవిలో కూడా పగటి వేడి చాలా రోజులు 13 నుంచి 18 డిగ్రీల మధ్యే ఉంటుంది. మంచు కొండల దగ్గర డెక్ మీద గాలి ఇంకా చల్లగా కొడుతుంది.

నాన్నకు బనియను, ఉన్ని స్వెటరు, పైన వాన కోటు సరిపోతాయి. నా బెంగంతా అమ్మ గురించే. 68 ఏళ్ళు, చీర తప్ప కట్టదు. నిన్న మంచం మీద ఆరు నూలు చీరలు, ఒక శాలువా పరిచి "ఇవి చాలవూ?" అంది. నూలు తడిస్తే ఒక పట్టాన ఆరదు, ఒంటికి అంటుకుని వణికిస్తుంది. కెచికాన్‌లో ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా వాన పడుతుంది. తడిసిన కుచ్చిళ్ళతో ఆ ఊళ్ళోని చెక్క బాటల మీద అమ్మ నడవడం తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళినవారు దయచేసి చెప్పండి. లంగా లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేసి, పైన సింథటిక్ చీర కడితే చలి ఆగుతుందా? వాన కోటు మోకాళ్ళ దాకా ఉండాలా? ఎప్పుడూ చెప్పులే వేసుకునే మనిషికి ఎలాంటి బూట్లు నప్పుతాయి? బయలుదేరడానికి ఇంకా మూడు వారాలే ఉంది.