పదవీ విరమణ తర్వాత బయటపడిన ఆస్బెస్టాసిస్: రైల్వే ఉద్యోగికి పరిహారం ఎలా?

భీమవరంలో మా దగ్గర ఉంటున్న నాన్నగారు రైల్వే లోకో షెడ్డులో ఫిట్టర్‌గా ఆవిరి ఇంజన్ల బాయిలర్లకు, గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ పొరను విప్పి మళ్ళీ చుట్టే పని చాలాకాలం చేసి, 2004లో పదవీ విరమణ పొందారు. ఆయాసం, పొడి దగ్గు 2021లో మొదలయ్యాయి. 2024లో సీటీ స్కాన్ చూసిన ఊపిరితిత్తుల నిపుణులు ఆస్బెస్టాసిస్ అని రాసిచ్చారు. ఆస్బెస్టాస్ ధూళి పీల్చిన దశాబ్దాలకు గాని బయటపడని ఊపిరితిత్తుల జబ్బు ఇది.

ఆయన పనిచేసిన విభాగానికి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపితే, సర్వీసులో ఉండగా రాని వ్యాధికి తమ బాధ్యత లేదన్నారు. సమాచార హక్కు కింద తీసుకున్న సర్వీసు రిజిస్టరులో హోదా తప్ప ఆస్బెస్టాస్ ప్రస్తావనే లేదు. 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో, అంటే వృత్తి వ్యాధుల జాబితాలో, ఆస్బెస్టాసిస్ స్పష్టంగా ఉండేది. అయితే ఆ చట్టం సెక్షన్ 10 ప్రకారం క్లెయిముకు రెండేళ్ళ గడువు ఉండేది. ఉద్యోగం మానిన రెండేళ్ళలోపు లక్షణాలు కనిపించినవారికి ఇచ్చిన వెసులుబాటు నాన్నగారికి అందదు. ఇక మిగిలింది, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించడానికి క్లెయిములు విచారించే కమిషనరుకు అదే సెక్షన్ ఇచ్చిన అధికారమే.

ఇలా ఆలస్యంగా బయటపడిన వృత్తి వ్యాధికి క్లెయిము వేసి గెలిచినవారు, లేదా అటువంటి కేసు నడిపిన న్యాయవాదులు ఎవరైనా ఉంటే, సర్వీసు రికార్డులో లేని ఆస్బెస్టాస్ పనిని కమిషనరు ఎదుట ఏ ఆధారాలతో రుజువు చేశారో దయచేసి తెలుపగలరా?