ఫలదీకరణమా, ఫలీకరణమా? గుడ్డు విషయంలో ఒక సందేహం

పదాన్వేషి: పుంజులూ పెట్టలూ, బాతులూ, గిన్నీకోళ్లూ కలిసి తిరిగే పెరటి మందలో ఏ గుడ్డు నుంచి పిల్ల వస్తుందో ఎలా తెలుసుకోవాలన్న విషయంపై చిన్న వ్యాసం రాస్తున్నాను. ఎప్పుడో చదివిన పదబంధం ఒకటి మనసును వదలడం లేదు. అది ‘ఫలీకరణ చెందిన గుడ్డు’ అనా, ‘ఫలదీకరణ చెందిన గుడ్డు’ అనా? ఆ ‘ద’ అవసరమేనా?

వ్యాకరణాభిమాని: తప్పక అవసరం. ‘ఫలాన్ని ఇచ్చేది’ అనే అర్థమున్న ఫలద శబ్దం మీద, ముందు కానిది అలా కావడాన్ని తెలిపే చ్వి ప్రత్యయం వచ్చి, పాణిని ‘అస్య చ్వౌ’ సూత్రం వల్ల చివరి అకారం ఈకారమైంది. అంతకుముందు ఫలాన్ని ఇవ్వనిది ఇచ్చేదిగా మారడమే ఇక్కడి అభూతతద్భావం. ‘ద’ తీసేస్తే మిగిలే ఫలీకరణానికి వైదిక యజ్ఞవిధులు చెప్పే శ్రౌతగ్రంథాల్లో దంచిన ధాన్యం నుంచి తవుడు వేరుచేయడమనే అర్థం స్థిరపడి ఉంది. దాన్ని గుడ్డుకు అంటగట్టడం న్యాయం కాదు.

కోళ్ల పెంపకందారు: రూపసిద్ధిపై నాకు అభ్యంతరం లేదు. కానీ ఫలదమైనది ఏది? పచ్చసొన అండాశయం నుంచి విడుదలైన కొద్ది నిమిషాల్లోనే, అండవాహిక మొదట్లోనే బీజకణాల కలయిక జరిగిపోతుంది; తెల్లసొన, పెంకు ఆ తరువాతే చేరతాయి. గుడ్డు బయటపడేసరికి దాదాపు ఒక రోజు గడిచి, పిండం వేల కణాలుగా విభజన చెంది ఉంటుంది. కాబట్టి ‘ఫలదీకరణ చెందిన గుడ్డు’ అంటే పూర్తిగా తయారైన గుడ్డుకు తరువాత ఏదో జరిగినట్టు ధ్వనిస్తుంది. అసలు ప్రశ్నకు వస్తే, పచ్చసొన మీది తెల్లచుక్కను చూడండి. చిన్నగా, ముద్దగా, అంచులు చెదిరి ఉంటే కలయిక జరగలేదని, కాస్త పెద్దదై నడుమ పలచగా, చుట్టూ వలయంతో గుండ్రంగా ఉంటే జరిగిందని అర్థం. రక్తపు మరకను దీనికి గుర్తుగా తీసుకోవద్దు. పెట్ట శరీరంలో చిన్న రక్తనాళం చిట్లినా అది ఏర్పడుతుంది.

నన్నయ పాఠకుడు: పగలగొడితే తప్ప తెలియని పరీక్ష అనగానే ఆదిపర్వంలోని వినత గుర్తుకు వస్తుంది. కద్రువ గుడ్లు చితికి పిల్లలు బయటికి రాగా, ఓపిక పట్టలేక ఆమె తన గుడ్లలో ఒకదాన్ని చిదిమింది. పైసగమే ఏర్పడిన అనూరుడు పుట్టాడు. వ్యాసులు ఆ గుడ్లను ‘సోపస్వేదేషు భాండేషు’, అంటే ఉపస్వేదం ఉన్న పాత్రల్లో, ఉంచారన్నారు. ఉపస్వేదం అంటే వేడి మాత్రమే కాదు, తేమతో కూడిన వేడి. పొదగడానికి ఈ రెండూ కావాలి. నన్నయగారి కథనంలో ఈ ఘట్టం ఎంత వేగంగా సాగుతుందో మళ్లీ చదివి చూడండి.

వ్యాకరణాభిమాని: స్వేదానికి చెమట అనే అర్థమూ ఉంది కనుక, తేమను ఉపసర్గ తెచ్చిందా, ధాతువే తెచ్చిందా అన్నది తేల్చకుండా ముందుకు వెళ్లరాదు. స్విద్ ధాతువులోనే అది ఉన్నదని నా నమ్మకం.

కోళ్ల పెంపకందారు: వినత తొందరపాటు అక్కర లేకుండానే చూడవచ్చు. పొదగడానికి పెట్టిన వారం రోజులకు చీకట్లో గుడ్డు వెనుక దీపం పెడితే, సాలెగూడు వంటి రక్తనాళాలు కనిపిస్తాయి. ముదురు గోధుమరంగు పెంకుల్లో చూడటం కష్టం. అప్పుడే పెట్టిన గుడ్డులో మాత్రం దీపం ఏమీ చెప్పలేదు. కలిసి తిరిగే మందలో మరో చిక్కు ఉంది: పుంజును వేరు చేసిన తరువాత కూడా పెట్ట సుమారు రెండు వారాలపాటు పిల్లనిచ్చే గుడ్లు పెట్టగలదు, ఎందుకంటే పుంజు బీజకణాలు దాని శరీరంలో నిలవ ఉంటాయి. కోడిగుడ్డుకు 21 రోజులు, మామూలు బాతుగుడ్డుకు 28 రోజులు పడుతుంది కనుక, అన్నీ ఒకే పెట్ట కింద పెట్టి ఒకే రోజున ఎదురుచూడరాదు.

పదాన్వేషి: వ్యాసానికి కావలసింది దొరికింది, సంతోషం. అయితే శీర్షికలో ‘పిల్లనిచ్చే గుడ్డు’ అని రాస్తే సరిపోతుందా?

వ్యాకరణాభిమాని: సరిపోదు. కలయిక జరిగిన ప్రతి గుడ్డూ పిల్లనివ్వదు. మధ్యలో పిండం చనిపోవచ్చు. ఫలదం వేరు, ఫలితం వేరు.

కోళ్ల పెంపకందారు: మరి టర్కీకోడిలో మగది లేకుండానే కొన్ని గుడ్లలో పిండం మొదలవుతుంది. దానికి మీ చ్వి ప్రత్యయం ఏమి చెబుతుంది?

నన్నయ పాఠకుడు: ఉపస్వేదం సంగతి మాత్రం ఇంకా తేలలేదు.