ఇంగ్లీషు విశేషణాల వరుసను వల్లె వేయించడం అవసరమా?

మొండిఘటం:
నామవాచకం ముందు విశేషణాలు రెండు మూడు వస్తే అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఎక్కడిది, దేనితో చేసింది, దేనికి వాడేది అన్న వరుసలో పెట్టాలంటారు కదా. ఈ 8 మెట్లూ పిల్లలతో బట్టీ పట్టించడం శుద్ధ దండగ. మాట్లాడేటప్పుడు ఎవరు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు?

ఎర్రసిరా:
బట్టీ వద్దంటే సరే, వరుసే వద్దంటే ఎలా? 'రెడ్ బిగ్ బాక్స్' అంటే అర్థమవుతుంది కానీ చెవికి తేడా కొడుతుంది. పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లకి వినీ వినీ అబ్బుతుంది, మనలా పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లకి ఏదో ఒక ఆధారం కావాలిగా.

మొండిఘటం:
ఆ ఆధారమే సరిగ్గా లేదంటున్నా. 'బిగ్ బ్యాడ్ వుల్ఫ్' సంగతేంటి? అభిప్రాయం ముందు రావాలంటే 'బ్యాడ్ బిగ్ వుల్ఫ్' అవ్వాలి!

నిద్రపట్టనిరాత్రి:
దానికి 'జిగ్‌జాగ్', 'టిక్ టాక్' లాంటి మాటల్లో ఉండే అచ్చుల వరుస కారణమని కొందరంటారు, ముందు ఇ తర్వాత ఆ. 'బ్యాడ్ వుల్ఫ్' అనేది కథల్లో ఒక రకం పాత్రగా స్థిరపడిపోయి విడదీయలేనంతగా అతుక్కుందని ఇంకొందరు. నాకు రెండోదే నచ్చింది, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది: వస్తువు స్వభావానికి ఎంత దగ్గరి గుణమైతే నామవాచకానికి అంత దగ్గరగా కూర్చుంటుంది. మనం కూడా 'పెద్ద చెక్క కుర్చీ' అంటాం, 'చెక్క పెద్ద కుర్చీ' అనం, దీన్ని మనకెవరూ పాఠంగా చెప్పలేదు. రంగు దగ్గర మాత్రం తెలుగు కాస్త వదులు, 'ఎర్రటి పెద్ద సంచి' అన్నా ఎవరూ ఉలిక్కిపడరు, అందుకే మనవాళ్లు ఇంగ్లీషులో ఎక్కువగా జారేది అక్కడే అనుకుంటా. 'ఫ్రెంచ్ రెడ్ వైన్' కూడా అంతే. పట్టిక ప్రకారం రంగు ముందుండాలి, కానీ 'రెడ్ వైన్' ఒకే వస్తువు పేరైపోయింది కాబట్టి 'ఫ్రెంచ్' బయట నిలబడింది.

ఎర్రసిరా:
పైగా వరుస మారితే ఒక్కోసారి అర్థమే మారుతుంది. 'ఓల్డ్ ఫేక్ కాయిన్' అంటే ఎప్పుడో తయారైన దొంగనాణెం. 'ఫేక్ ఓల్డ్ కాయిన్' అంటే పాతదని నమ్మించడానికి చేసింది, నిన్న చేసిందైనా కావచ్చు. ఇది చెవికి ఇంపు వ్యవహారం కాదు మరి.

మొండిఘటం:
అదే నేనూ అంటున్నది! ఈ నాణేల తేడా ఆ పట్టికలో ఏ మెట్టు మీద ఉంది? 'ఫేక్'కి అందులో చోటే లేదు. పెద్ద పెట్టెలు నాలుగుండి అందులో ఎర్రదే కావాలంటే 'రెడ్' మీద ఒత్తి పలికి 'రెడ్ బిగ్ బాక్స్' అన్నా చెల్లుతుంది, అదీ చెప్పదు.

ఎర్రసిరా:
చెప్పదు, నిజమే. అయినా పరీక్షలో తప్పు దిద్దమని వాక్యం ఇచ్చినప్పుడు ఒత్తి పలికానని రాస్తే మార్కులు రావు. అప్పటికి పట్టికే దిక్కు.