కావేరి మహశీర్‌కి మళ్ళీ గాలం వేయనివ్వాలా? పట్టి వదిలేస్తే వేట కాదా?

కుప్పం కుర్రాడు

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు గాలం పట్టుకుని తిరిగే మా బ్యాచ్‌లో ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. ఇక్కడి వాళ్ళేమంటారో చూద్దామని పెడుతున్నా.

సంగతి తెలియని వాళ్ళకు: కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోర్, దొడ్డమకలి అని మూడు క్యాంపులు ఉండేవి. మహశీర్ అనే పెద్ద నది చేప కోసం ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో అక్కడికి వచ్చేవాళ్ళు. 1946లో కావేరి ఉపనది కబినిలో వాన్ ఇంగెన్ అనే ఆయన పట్టింది 120 పౌండ్లు, అంటే 54 కిలోల పైమాటే. తర్వాత అంత పెద్దవి ఇక లేవనుకున్నారు. 1977-78లో ముగ్గురు బ్రిటిష్ వాళ్ళు వచ్చి పట్టి చూపించాక మళ్ళీ పిచ్చి మొదలైంది. ఎర ఏంటో తెలుసా? రాగిపిండి ముద్ద. నిమ్మకాయంత ఉండలు చేసి, నీళ్ళలో కరిగిపోకుండా ఉడికించి ముల్లుకి గుచ్చుతారు. మన సంకటే అనుకోండి.

పట్టడం, తూకం, ఫొటో, వదిలేయడం. ఇదీ అక్కడి రూలు. కానీ అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జంతువును పట్టుకోవడం, ఎర వేయడం కూడా వేటే. ఆ లెక్కన 2012 కల్లా గాలం మొత్తం ఆగిపోయింది.

నా వాదన ఇదీ. ఆ క్యాంపుల్లో పుట్టి (గుండ్రటి తెప్ప) నడిపినవాళ్ళు, కాపలా కాసినవాళ్ళు చాలామంది ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్ళే. జీతం వచ్చింది, చేప బతికుంటేనే ఆ జీతం అని తెలిసింది, వాళ్ళే నదిని కాచారు. రోజూ మనుషులు తిరిగే చోట డైనమైట్ వేయడానికి ఎవడికైనా గుండె కావాలి. అందుకే పరిమితంగా, ఫీజు పెట్టి, మళ్ళీ అనుమతించాలంటాను.

పశువుల డాక్టర్

కాపలా కోసం గాలం కావాలనడం నాకు అర్థం కాదు. కాపలా కావాలంటే కాపలాదారుకి జీతం ఇవ్వండి. పులిని కాపాడటానికి ఏడాదికి పదిమందిని దాని మీదకి వల విసరనిస్తున్నామా?

ఇక "వదిలేశాం, ఈదుకుంటూ పోయింది" అనే మాట. పెద్ద చేప గాలానికి తగిలి అరగంట, ముప్పావుగంట గుంజుకుంటే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అదే సమయంలో నీళ్ళలోంచి తీసి ఫొటోకి పట్టుకుంటారు. మొప్పల్లో ఉండే సన్నటి రేకులు నీళ్ళలో ఉంటేనే విడివిడిగా తేలుతాయి, గాలిలోకి రాగానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఊపిరి ఎక్కువ కావలసిన సమయంలోనే ఊపిరి ఆపేస్తున్నామన్నమాట. దాని మీద పొడి చేతులు వేస్తే ఒంటి మీది జిగురు పొర పోతుంది, ఫంగస్ పడుతుంది. అప్పటికి ఈదుకుంటూ పోయినా కొన్ని గంటల తర్వాత చచ్చిపోవచ్చు. అది మీకు కనబడదు.

నొప్పి సంగతి కూడా చెప్పాలి. 2003లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థలో ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. అవి తిండి మానేశాయి, ఆమ్లం ఎక్కినవి కొన్ని పెదవుల్ని అడుగున ఉన్న గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. మెదడులో ఆ భాగమే లేదు కాబట్టి చేపకి నొప్పి తెలియదు అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు, కాదనను. కానీ అనుమానం ఉన్నప్పుడు సరదా కోసం గుచ్చడం ఎందుకు? స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి, వదిలేయాలనే ఉద్దేశంతో చేపను పట్టడమే నేరం. తింటే పట్టు, లేకపోతే దాని జోలికి పోకు. నాకైతే సబబుగానే ఉంది.

నీటిపిల్లి

డాక్టర్ గారి లెక్కలో నేను మంచివాణ్ణి. పట్టింది పట్టినట్టు పులుసు పెట్టేస్తా 😄

చెరువుగట్టు

మాది మహబూబాబాద్ వైపు. మా నాన్న మత్స్య సొసైటీలో సభ్యుడు. ఈ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది. చేపని పట్టి, ముద్దు పెట్టి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వేయడం... మా ఇంట్లో చెబితే వీడికి ఎండదెబ్బ తగిలింది అంటారు. కావేరి సంగతి నాకు తెలియదు గానీ ఒక్కటి అడుగుతా. ఆ ఒడ్డున తరతరాలుగా వల వేసుకుని బతికినవాళ్ళకి అభయారణ్యం అని చెప్పి వల ఆపించారు కదా. అదే చోట డబ్బు కట్టిన దొరకి గాలం ఇచ్చారు. అప్పుడు దాన్ని వేట అనలేదా ఎవరూ?

కుప్పం కుర్రాడు

చెరువుగట్టు అన్నా, ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఫీజులో వాటా ఊళ్ళకి పోవాలని మొదటి నుంచీ అంటున్నా.

డాక్టర్ గారూ, మీరు చెప్పిందంతా చేత్తో పట్టే పద్ధతి మీద ఉంది. ముల్లుకి వెనక కొక్కి లేకుండా చూసుకుంటే తీయడం ఒక్క క్షణం పని. చేపను నీళ్ళలోనే ఉంచి తూకం వేసే జోలెలు ఉన్నాయి. ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి తోక దగ్గర పట్టుకుంటే, దానికి ఓపిక వచ్చాక అదే విదిలించుకుని పోతుంది. మహశీర్ దవడల్లో పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. పీతల్ని, నత్తల్ని అక్కడే నలిపేస్తుంది. గట్టి ముల్లుని కూడా వంచేస్తుంది. అలాంటి చేపకి మందమైన పెదవిలో దిగిన ముల్లు ఏపాటి? ఎండాకాలం నీళ్ళు వేడెక్కినప్పుడు వద్దనండి, ఒప్పుకుంటా. మొత్తానికే వద్దంటే ఎలా?

లీడ్స్ తెలుగోడు

ఇక్కడ ఇంగ్లండ్‌లో కార్ప్ పిచ్చి చూస్తే మీ కావేరి ఏ మూలకి. కార్ప్ అంటే మన బంగారు తీగే. పెద్ద చేపలకి పేర్లు పెడతారు. బెన్సన్ అని ఒకటి, 64 పౌండ్లు, పీటర్‌బరో దగ్గర ఒక చెరువులో ఉండేది. పదమూడేళ్ళలో అరవైసార్లకు పైగా గాలానికి పడింది. 2009లో చచ్చిపోతే పేపర్లన్నీ సంతాపం రాశాయి. ఉడకని టైగర్ నట్స్ (ఒక రకం చిన్న దుంపలు) ఎరగా వేయడం వల్ల పోయిందని పుకారు కూడా నడిచింది.

నాకనిపించేది, అరవైసార్లు పడినా పదమూడేళ్ళు బతికిందంటే పట్టి వదిలితే చస్తుందనే వాదన తేలిపోతుంది. కానీ అది చెరువులో పెంచిన చేప, డబ్బు కట్టి దాన్ని పట్టడానికే వస్తారు. నదిలో తనంతట తాను బతికే చేపకి ఆ లెక్క కుదురుతుందా అంటే నాకూ డౌటే.

తుంగభద్ర తీరం

అందరూ చేప బతుకుతుందా చస్తుందా అని కొట్టుకుంటున్నారు. అసలు కథ వేరే చోట ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

కావేరిలో ఒకటి కాదు, రెండు మహశీర్లు. ఒకటి అక్కడిదే, మూపురం ఉన్నది, రెక్కలు నారింజ రంగు. వాన్ ఇంగెన్ పట్టింది, బ్రిటిష్ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది దీన్నే. ఇంకొకటి నీలి రెక్కలది, టార్ ఖుద్రీ. అది కృష్ణా నీళ్ళ వైపు చేప. లోనావాలాలో టాటా విద్యుత్ కంపెనీ వాళ్ళు దాన్ని గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచారు. అక్కడి నుంచి దేశంలో చాలా నదులకి పోయాయి, కావేరికి కూడా. గాలం వేసేవాళ్ళకి చేపలు దొరకాలి, మహశీర్ జాతి నిలబడాలి అనే మంచి ఉద్దేశంతోనే. మహశీర్ అంటే ఏదైనా మహశీరే కదా అనుకున్నారు.

గాలిబోర్ క్యాంపులో 1998 నుంచి 2012 దాకా ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏం పడింది, ఎంత బరువు అని పుస్తకాల్లో రాసిపెట్టారు. 23 వేల గంటలకు పైగా గాలం, 6 వేలకు పైగా చేపలు. అరకిలో లేని పిల్ల దగ్గర నుంచి 46 కిలోలు దాటిన దాని దాకా. పరిశోధకులు ఆ లెక్కలు తీసి 2015లో ప్రచురించారు. పైపైన చూస్తే పండగే: గంటకు పడే చేపల సంఖ్య ఏటేటా పెరిగింది, సగటు బరువు తగ్గింది. అంటే పిల్లలు బాగా పుడుతున్నాయి, రక్షణ పని చేసింది అనుకోవచ్చు. రకాలు విడదీసి చూసేసరికి కథ తిరగబడింది. పెరిగిందంతా నీలి రెక్కలది. మూపురంది తగ్గుతూ తగ్గుతూ పోయింది. పడ్డ కొద్దీ కూడా ముసలివి, పెద్దవి. పిల్లలు లేవు. ఊళ్ళో తాతలు మాత్రమే మిగిలితే ఆ ఊరు ఎటు పోతోందో చెప్పక్కర్లేదు కదా.

ఇంకో సంగతి. ప్రపంచమంతా పేరున్న ఈ చేపకి 2018 దాకా సరైన శాస్త్రీయ నామమే లేదు. కేరళలో పాంబార్ నది నుంచి అంతకుముందే వర్ణించిన టార్ రెమాదేవీ అనే చేప, ఇదీ ఒకటేనని అప్పుడు తేలింది. అదే ఏడాది ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) దాన్ని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. పేరు లేనిదాన్ని అంతకుముందు ఏ జాబితాలో పెడతారు?

కుప్పం తమ్ముడూ, ట్రోఫీ మోజు కాపలాని తెచ్చింది, నిజమే. అదే మోజు చేపల సంఖ్యని చూసి మురిసిపోయి, జాతిని చూడలేదు. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, డైనమైట్ కూడా కారణాలే, మొత్తం గాలం వాళ్ళ మీదే తోయను. కానీ మళ్ళీ అనుమతి అంటే "ఏ చేప కోసం" అని ముందు తేల్చండి. నీలి రెక్కలది పట్టుకుని కూర తిన్నా నాకు అభ్యంతరం లేదు, అక్కడ అది బయటి చేప. మూపురంది మాత్రం ఒక్కటి పడినా ఎక్కువే.

పశువుల డాక్టర్

ఇది మంచి పోస్టు. పడేది ఏ రకమో ముల్లు అడిగి పడదు కదా. రాగి ముద్ద రెండూ తింటాయి.

కుప్పం కుర్రాడు

తుంగభద్ర గారూ, మీరు చెప్పిన లెక్కలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? గాలం వేసినవాళ్ళు రాసిన పుస్తకాల నుంచే. మూపురంది పోతోందని మనకి తెలిసిందే వాళ్ళ వల్ల. 2012 తర్వాత ఆ నది మీద అలాంటి పుస్తకం ఎవరు రాస్తున్నారు? కళ్ళు మూసుకుంటే చేప పెరగదు.

చెరువుగట్టు

లెక్కల మాట వచ్చింది కాబట్టి మన దగ్గర సంగతి. కావేరి దాకా ఎందుకు, తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. తొలకరి పడగానే హైదరాబాద్ నుంచి బైకుల మీద వస్తారు, రబ్బరు కప్పలు పట్టుకుని. కొర్రమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా, నీటి మీద చినుకులు పడుతున్నట్టు కదులుతుంటాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపు మీదుగా కప్ప బొమ్మ లాగితే చాలు, ఆకలి లేకపోయినా పిల్లల కోసం వచ్చి కొట్టేస్తుంది. పెద్ద కొర్రమీనుకి ఇంతకంటే తేలిక దారి లేదు, వీడియోల్లో కూడా ఇదే చూపిస్తారు. గాలి పీల్చే చేప కాబట్టి ఒడ్డున పెట్టి పది ఫొటోలు దిగినా చావదు, వదిలేశాం అంటారు. ఈలోపు పిల్లల గుంపుని జెల్లలు, మిగతా చేపలు ఊడ్చేస్తాయి. చేప బతికింది, సంసారం పోయింది. దీన్ని ఏ లెక్కలో రాస్తారు?

పైగా అది సొసైటీ చెరువు. అడగరు, చెప్పరు. మేము పిల్లల గుంపు కనబడితే ఆ వైపు వల వేయం, మా పెద్దవాళ్ళు నేర్పింది అది.

నీటిపిల్లి

అన్నా, ఈ సంగతి నిజంగా తెలియదు. కప్ప బొమ్మకి ఎందుకంత కసిగా కొడతాయా అనుకునేవాణ్ణి.

లీడ్స్ తెలుగోడు

ఇక్కడ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం బంద్, గుడ్లు పెట్టే కాలమని. మనకి సముద్రంలో వేట నిషేధం ఉంది. మరి చెరువులో గాలం వేసేవాడికి?

చెరువుగట్టు

చెరువుకి మా సొసైటీయే రూలు. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలం వద్దు, మిగతా నెలల్లో అధ్యక్షుణ్ణి అడిగి, రోజుకి ఇంత అని కట్టి వేసుకోండి. పట్టింది వదులుతారా, తింటారా, మీ ఇష్టం. తింటే కిలో లెక్కన డబ్బు కట్టాలి.

తుంగభద్ర తీరం

కుప్పం తమ్ముడి ప్రశ్నకి జవాబు: గాలం లేకుండా లెక్క తీసే దారులున్నాయి. నీళ్ళ నమూనాలో చేపల డీఎన్ఏ పరీక్షించి ఏ రకం ఉందో చెప్పొచ్చు. మూపురంది మిగిలిన మోయార్ నది లాంటి చోట్ల ముందు అది చేయాలి.

కుప్పం కుర్రాడు

డీఎన్ఏ ఏ రకం ఉందో చెబుతుంది, ఎన్ని కిలోలుందో, పిల్లలున్నాయో లేదో చెప్పదు. ఆ పరీక్షకి ఏటా డబ్బు ఎవరు పెడతారు? గాలం వేసేవాళ్ళమైతే జేబులోంచి తీసి ఇస్తాం. ఆ డబ్బు కూడా వద్దంటే, ఎవరిస్తారో మీరే చెప్పండి.

పశువుల డాక్టర్

డబ్బు ఇవ్వండి, గాలం వేయకండి. కొండెక్కి పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్ళు టికెట్ కొనడం లేదా? అవే క్యాంపుల్లో ఇప్పుడు బోటింగ్‌కి, పక్షులు చూడటానికి జనం వస్తున్నారుగా.

కుప్పం కుర్రాడు

పక్షులు చూడటానికి వచ్చినవాడు రాత్రి రెండింటికి నది ఒడ్డున కూర్చోడు సార్. డైనమైట్ వేసేవాడు వచ్చేది ఆ టైముకే.