ఖవాజా బూట్లు, ఒలొంగా నల్లపట్టీ: మైదానంలో నిరసనకు చోటుందా?

ప్రశ్న:
2023 డిసెంబరులో పాకిస్తాన్‌తో పెర్త్ టెస్టుకు ముందు ఆస్ట్రేలియా ఓపెనర్ ఉస్మాన్ ఖవాజా గాజా ప్రజలను దృష్టిలో ఉంచుకుని బూట్లపై ‘అందరి ప్రాణాలూ సమానమే’ అని రాసుకుంటే అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) ఒప్పుకోలేదు. చేతికి నల్లపట్టీతో బ్యాటింగుకు దిగినందుకు మందలించింది కూడా. 2019 మార్చిలో రాంచీ వన్డేలో మన జట్టు సైనిక టోపీలు పెట్టుకోవడానికి ఇదే ఐసీసీ అనుమతించింది. అసలు అంతర్జాతీయ పోటీల్లో రాజకీయ నిరసనను అనుమతించాలా, పూర్తిగా నిషేధించాలా?

జవాబు 1:
రాంచీ టోపీలు పుల్వామాలో అమరులైన జవాన్ల స్మృతికి, విరాళాల సేకరణకు సంబంధించినవి. పైగా మన బోర్డు ముందుగానే అనుమతి తీసుకుంది. అదే ఏడాది ప్రపంచకప్‌లో ధోనీ కీపింగ్ గ్లవ్స్‌పై మన సైన్యంలోని పారా దళాల చిహ్నం కనిపించినప్పుడు, బోర్డు అడిగినా ఐసీసీ తీసేయమనే చెప్పింది కనుక, ఇది మన పట్ల పక్షపాతమని అనలేము. నా మటుకు నిషేధమే మేలు. ఈ రోజు మనకు నచ్చిన నినాదానికి సందు ఇస్తే, రేపు ఏ ప్రభుత్వమైనా తన నినాదాన్ని ఆటగాడి చొక్కాపై కుట్టిస్తుంది. కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

జవాబు 2:
ప్రభుత్వాల గురించి మీరన్నది నిజమే గానీ, ప్రభుత్వానికి ఎదురు నిలిచిన ఆటగాణ్ణి కూడా అదే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. 2003 ఫిబ్రవరి 10న హరారేలో నమీబియాతో ప్రపంచకప్ మ్యాచ్‌లో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలొంగా చేతికి నల్లపట్టీలతో కనిపించారు. నిజానికి అవి కరెంటు తీగలకు చుట్టే నల్లటేపు ముక్కలు. తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని, దానికి సంతాపంగా కట్టుకున్నామని ఇద్దరూ రాతపూర్వకంగా ప్రకటించారు. ముగాబే దేశాధ్యక్షుడే కాక ఆ దేశ క్రికెట్ సంఘానికి పోషకుడు కూడా. ఫ్లవర్ తెల్లవాడు, ఒలొంగా జింబాబ్వేకు ఆడిన తొలి నల్లజాతి క్రికెటర్. అందువల్ల దీన్ని తెల్లవారి కుట్రగా తీసిపారేయడం ప్రభుత్వానికి అంత తేలిక కాలేదు. షార్జాలో సచిన్‌ను అవుట్ చేసి, ఫైనల్లో అతని చేతిలోనే చావుదెబ్బ తిన్న బౌలర్‌గా మనలో చాలామందికి గుర్తున్న ఒలొంగా, ఆ ప్రపంచకప్ తర్వాత మళ్లీ దేశానికి ఆడలేదు. ప్రాణభయంతో చివరికి ఇంగ్లండ్ చేరాడు. ఆట ఒక్క నిమిషం ఆగలేదు, ఎవరిపైనా బలవంతం లేదు, మూల్యం చెల్లించింది వారిద్దరే. అలాంటి నిరసనకు మైదానంలో చోటుండాలి.

జవాబు 3:
దేశాలు చేసే నిరసనను మాత్రం ఎవరూ ఆపడం లేదు కదా. 1974లో టెన్నిస్‌లో డేవిస్ కప్ ఫైనల్ చేరిన మన జట్టు వర్ణవివక్షకు వ్యతిరేకంగా దక్షిణాఫ్రికాతో ఆడకుండా కప్పునే వదులుకుంది. ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం, అయితే విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులకు మళ్లీ అంత మంచి అవకాశం రాలేదు, భారత్ ఇప్పటికీ ఆ కప్పు గెలవలేదు. ఫైనల్ మొత్తాన్ని వదులుకోవడం సమ్మతమైనప్పుడు, బూటు మీది ఒక్క వాక్యం ఆటకు ఎలా చేటు చేస్తుందో మొదటి జవాబు రాసినవారు చెప్పగలరా?