శనివారం చీజ్, సలామీ బోర్డు: బ్రీ గట్టిపడకుండా ఎలా?

బెంగళూరు ఇందిరానగర్‌లో ఉంటాం. ఎనిమిది మంది వస్తున్నారు, ముగ్గురు శాకాహారులు. చెక్క మీద పేర్చడానికి మాంసాల్లో సలామీ, హామ్, చీజ్‌లలో గౌడా, మెత్తటి బ్రీ తెచ్చా. పోయినసారి ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టేస్తే బ్రీ సుద్దముక్కలా ఉంది. ఎవరూ ముట్టలేదు, చాలా బాధేసింది.

జవాబు: చీజ్ 45 నిమిషాల ముందే బయట పెట్టండి. బ్రీ మధ్యలో నొక్కితే వేలు మెత్తగా దిగాలి. సలామీ మాత్రం వడ్డించేముందే తీయండి, లేదంటే కొవ్వు కరిగి జిడ్డవుతుంది.

జవాబు: శాకాహారులకి పళ్ళెం, కత్తి వేరే పెట్టండి. మా ఇంట్లో ఒకే చెక్క మీద ఓ మూలకి జరిపితే అత్తయ్యగారు దాని జోలికే రాలేదు. విదేశీ చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) ఉండొచ్చు, పచ్చచుక్క చూసి కొనండి.

జవాబు: హామ్ పక్కన పులుపు ఉండాలి. గెర్కిన్లు (వెనిగర్‌లో ఊరబెట్టే చిన్న దోసకాయలు) పెట్టండి, మన కర్ణాటకలో కూడా పండుతాయి. గౌడాకి బెంగళూరు బ్లూ ద్రాక్ష! గింజలున్నా ఆ వాసన ఇంకే ద్రాక్షకీ రాదు.

అందరికీ థ్యాంక్స్. రెండో చెక్క ఇవాళే కొంటా.